ఫోన్‌పే వద్దు, ఆధార్ తీసుకోండి: బెంగళూరులో డిజిటల్ భయాల లెక్క

2025 జులైలో బెంగళూరు వీధుల్లో ఒక విచిత్రం జరిగింది. టీ కొట్లు, బేకరీలు, కాండిమెంట్స్ దుకాణాలు, పూల బండ్లు, ఇలా చాలాచోట్ల అప్పటిదాకా గల్లాపెట్టె పక్కన మెరిసిన స్కానర్లు మాయమయ్యాయి. వాటి స్థానంలో అట్టముక్కల మీద చేత్తో రాసిన బోర్డులు వెలిశాయి: "నో యూపీఐ, ఓన్లీ క్యాష్". ఫోన్‌పే ప్రధాన కార్యాలయం ఉన్న ఊరిది. ఇక్కడ పది రూపాయల కొత్తిమీర కట్టకి కూడా ఫోన్ తీయడం అలవాటైన జనం, ఏటీఎం ఎక్కడుందో వెతుక్కునే పరిస్థితి వచ్చింది. "స్కాన్ చేయనా అన్నా?" అంటే "వద్దమ్మా, చిల్లరుంటే ఇవ్వు, లేకపోతే రేపిద్దువులే" అనే జవాబు.

కారణం పన్ను నోటీసులు. కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ 2021-22 నుంచి 2024-25 వరకు చిన్న వ్యాపారుల యూపీఐ చెల్లింపుల వివరాలు తెప్పించుకుని లెక్క వేసింది. ఏడాదికి సరుకుల అమ్మకం 40 లక్షలు దాటితే, సేవల రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండాలి. దాటి కూడా రిజిస్టర్ కానివాళ్లకు నోటీసులు వెళ్లాయి. హావేరిలో ఒక కూరగాయల వ్యాపారికి నాలుగేళ్లలో 1.63 కోట్ల లావాదేవీలు జరిగాయని చూపించి 29 లక్షలు కట్టమన్నారు. తాజా కూరగాయలకు అసలు జీఎస్టీయే లేదు! గొడవ పెద్దదయ్యాక ముఖ్యమంత్రి సిద్ధరామయ్య జులై 23న వర్తకులతో మాట్లాడి, ఇకమీదట రిజిస్టర్ అయితే పాత బకాయిలు అడగబోమని చెప్పారు. వర్తకులు బంద్ ఆలోచన మానుకున్నారు. బోర్డులు మెల్లగా దిగాయి. ఆ మరుసటి నెలలోనే దేశం మొత్తం మీద యూపీఐ లావాదేవీల సంఖ్య ఒక్క నెలలో తొలిసారి 2,000 కోట్లు దాటింది.

ఆ రోజుల్లో రెండు వ్యాఖ్యానాలు బాగా తిరిగాయి. చిన్న వ్యాపారులకు టెక్నాలజీ అంటే ఇంకా భయమేనని ఒకటి. పన్ను ఎగ్గొట్టడానికే ఈ నాటకమని ఇంకొకటి. రెండో దానిలో కొంత నిజం ఉండొచ్చు గానీ, మొదటిది మాత్రం శుద్ధ తప్పు. 2016 నోట్ల రద్దు అప్పుడూ, 2020 కరోనా అప్పుడూ ఏ శిక్షణా లేకుండా స్కానర్ పట్టుకున్నది ఈ వ్యాపారులే. సౌండ్ బాక్స్ చెప్పే మాట విని బేరం ముగించడం వాళ్లకు చేతనైన పని. వాళ్లు భయపడింది యంత్రానికి కాదు, అది పెట్టుకునే జ్ఞాపకానికి. కొట్టుకి వచ్చిన అమ్మకం డబ్బు, బావమరిది తిరిగిచ్చిన అప్పు, చీటీ పాట సొమ్ము అన్నీ ఒకే నంబర్‌కి వస్తాయి. రికార్డులో అవన్నీ ఒకేలా కనిపిస్తాయి. చట్టం దృష్టిలో నగదు అమ్మకం కూడా టర్నోవరే. కాకపోతే నగదు ఎవరికీ కబురు మోయదు.

ఇప్పుడు అదే వీధిలో రెండో దృశ్యం చూడండి. మారతహళ్లిలోనో బీటీఎం లేఅవుట్‌లోనో ఒక పీజీ, అంటే డబ్బు కట్టి ఉండే హాస్టల్. నడిపేది మన తెలుగువాళ్లే, వంటవాడు మనవాడే, గోంగూర పచ్చడి ఉందని చెప్పే బోర్డు తెలుగులోనే ఉంటుంది. నెల్లూరు నుంచో అనంతపురం నుంచో ఉద్యోగం వెతుక్కుంటూ దిగిన కుర్రాడు కౌంటర్‌లో ఆధార్ జిరాక్స్, ఫోటో, ఇంటి నంబర్ ఇచ్చేసి బ్యాగు పైకి మోసుకుపోతాడు. ఆ జిరాక్స్ ఎక్కడికి పోతుంది, ఎన్నాళ్లుంటుంది, మేనేజర్ మారితే ఎవరి చేతికి వస్తుంది? ఎవరూ అడగరు. స్కానర్ పీకేసిన వ్యాపారి కూడా కొత్త సిమ్ కోసం అదే జిరాక్స్ అంతే ధీమాగా ఇస్తాడు.

దీన్ని చూసి "జనానికి ప్రైవసీ విలువ తెలియదు" అనేస్తుంటారు. పరిశోధకులు కూడా చాలాకాలం ఇదొక వైరుధ్యమనే చూశారు: నోటితో గోప్యత కావాలంటారు, చేత్తో అన్నీ ఇచ్చేస్తారు అని. నాకు మాత్రం ఇందులో వైరుధ్యం కన్నా లెక్క ఎక్కువ కనిపిస్తుంది. ఏదైనా తేడా వస్తే నష్టం ఎవరి నెత్తిన పడుతుంది, ఎంత త్వరగా పడుతుంది, కాదనే వీలు నాకుందా? జనం మనసులో వేసుకునే లెక్క ఇదే. నోటీసు వస్తే దెబ్బ నేరుగా కొట్టు యజమానికి, ఇవాళే. స్కానర్ తీసేయడం అతని చేతిలో పని. జిరాక్స్ వల్ల నష్టం ఎప్పుడో, ఎవరి ద్వారానో, అసలు వస్తుందో రాదో. ఇవ్వనంటే మాత్రం ఈ రాత్రికి మంచం దొరకదు. "ఆధార్ లేకపోతే రూమ్ లేదు తమ్ముడూ" అన్నాక గోప్యత హక్కు మీద చర్చ పెట్టేంత తీరిక ఎవరికుంది?

ఒకే ఊరు, రెండు వాదనలు

నిజానికి ఆ చర్చ పుట్టింది ఈ ఊళ్లోనే. ఇన్ఫోసిస్ వ్యవస్థాపకుల్లో ఒకరైన నందన్ నీలేకని 2009లో ఆధార్ సంస్థకు తొలి ఛైర్మన్ అయ్యారు. ఆధార్‌ను కోర్టుకు ఈడ్చిందీ బెంగళూరు మనిషే. కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి 2012లో, 80 ఏళ్లు దాటిన వయసులో, సుప్రీంకోర్టులో పిటిషన్ వేశారు. ఆ కేసులోనే 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవంగా తేల్చింది. మరుసటి ఏడాది సెప్టెంబర్ 26న వచ్చిన తీర్పు ఆధార్‌ను నిలబెట్టింది గానీ, ప్రైవేటు కంపెనీలు దాన్ని అడగడానికి దారి తీసిన 57వ సెక్షన్‌ను ఆ మేరకు కొట్టేసింది.

హక్కు వచ్చింది. పీజీ కౌంటర్ దాకా మాత్రం రాలేదు. 2022 మేలో ఆధార్ సంస్థ బెంగళూరు ప్రాంతీయ కార్యాలయం ఒక హెచ్చరిక ఇచ్చింది: ఆధార్ జిరాక్స్ ఎవరికి పడితే వాళ్లకు ఇవ్వొద్దు, దుర్వినియోగం కావచ్చు, చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ వాడండి అని. జనం గాభరా పడ్డారు. రెండు రోజుల్లోనే కేంద్రం ఆ ప్రకటనను వెనక్కి తీసుకుంది, తప్పుగా అర్థం చేసుకునే అవకాశం ఉందని, మామూలు జాగ్రత్త చాలని చెప్పింది. మాస్క్‌డ్ ఆధార్ అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది, ఉచితంగా డౌన్‌లోడ్ అవుతుంది. కానీ జాగ్రత్త చెప్పిన నోటితోనే ఆ జాగ్రత్త అక్కర్లేదన్నాక సామాన్యుడు నేర్చుకునేది ఏముంటుంది? పైవాళ్లకే స్పష్టత లేదు, మనకెందుకు తలనొప్పి అనే కదా. ప్రైవసీ విషయంలో మనవాళ్లలో కనిపించే ఉదాసీనతలో పెద్ద భాగం ఇలాంటి విసుగేనని నా అభిప్రాయం.

విసుగు ఉన్నంతమాత్రాన ముప్పు తగ్గదు. 2023లో బెంగళూరు పోలీసుల దగ్గరికి ఒక తరహా ఫిర్యాదులు వరుసగా వచ్చాయి. బాధితులు ఎవరికీ ఓటీపీ చెప్పలేదు, ఏ లింకూ నొక్కలేదు. అయినా ఖాతాల్లోంచి డబ్బులు పోయాయి. ఆరా తీస్తే, వాళ్లలో చాలామంది అంతకుముందు స్థలమో ఇల్లో రిజిస్ట్రేషన్ చేయించుకున్నవాళ్లు. రిజిస్ట్రేషన్ పత్రాల మీద ఆధార్ నంబర్, వేలిముద్ర రెండూ ఉంటాయి. ఆ పత్రాల నకళ్లలోంచి వేలిముద్రను అచ్చు తీసి, ఆధార్‌తో నగదు తీసే పద్ధతిలో డబ్బు లాగేశారు. ఊళ్లలో బ్యాంకు మిత్రలు వేలు పెట్టించుకుని పింఛను డబ్బు ఇస్తారే, అదే పద్ధతి. దానికి ఆధార్ నంబర్, బ్యాంకు పేరు, వేలిముద్ర చాలు, ఓటీపీ ఉండదు. తెలుగువాళ్లకు ఇది కొత్త కాదు. 2018లో తెలంగాణలో రిజిస్ట్రేషన్ పత్రాల నుంచి తీసిన వేలిముద్రలతోనే వేల సిమ్‌లు యాక్టివేట్ చేసిన కేసు బయటపడింది.

దీనికి మందు ఒకటుంది, చాలామందికి తెలియదు. ఆధార్ వెబ్‌సైట్‌లోనో యాప్‌లోనో బయోమెట్రిక్ లాక్ చేసుకోవచ్చు. అవసరమైనప్పుడు కాసేపు తెరిచి, మళ్లీ మూయొచ్చు. బెంగళూరులో ఫ్లాట్ రిజిస్ట్రేషన్ అయినవాళ్లు గృహప్రవేశం ముహూర్తం పెట్టుకునే ముందు చేయాల్సిన పని ఇది. ఊళ్లో పింఛను వేలిముద్రతో తీసుకునే అమ్మానాన్నల విషయంలో మాత్రం తొందరపడి లాక్ చేయకండి, నెల మొదట్లో వాళ్లు బ్యాంకు మిత్ర దగ్గర నిలబడి ఇబ్బంది పడతారు.

టవర్ అంటే దడ

భయాలు ఎందుకిలా అసమానంగా ఉంటాయన్నది దాదాపు అరవై ఏళ్లుగా పరిశోధకులు చదువుతున్న విషయమే. 1969లో చాన్సీ స్టార్ అనే అమెరికన్ ఇంజినీరు ఒక అంచనా కట్టాడు: తమంతట తాము కోరుకున్న ముప్పును జనం, తమ మీద రుద్దిన ముప్పు కన్నా సుమారు వెయ్యి రెట్లు ఎక్కువగా భరిస్తారని. తర్వాత మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ స్లోవిక్ 1987లో రెండు విషయాలు ముఖ్యమని చూపించాడు. ఆ ముప్పు ఎంత దారుణంగా అనిపిస్తుంది, అది ఎంత కొత్తగా, అంతుపట్టకుండా ఉంది అన్నవి. నిపుణులు ఏడాదికి ఎన్ని ప్రాణాలు పోయాయని లెక్కపెడతారు. మామూలు మనిషి, ఇది నా చేతిలో ఉందా, నా పిల్లలకు తగులుతుందా అని చూస్తాడు. స్లోవిక్ ఈ రెండో చూపును అజ్ఞానమని కొట్టిపారేయలేదు. నాకు నచ్చింది అదే.

బెంగళూరు అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో దీనికి నిత్యం సాక్ష్యం దొరుకుతుంది. మేడ మీద మొబైల్ టవర్ పెడతామని కంపెనీ వస్తే రాత్రంతా చర్చ. రేడియేషన్, క్యాన్సర్, గర్భిణులు, పిచ్చుకలు. ఆ చర్చ మొత్తం జరిగేది చెవి పక్కన పెట్టుకునే ఫోన్‌లోనే. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2011లో రేడియో తరంగాలను "క్యాన్సర్ కారకం కావచ్చు" అనే 2బి వర్గంలో పెట్టిన మాట నిజం. దాని అర్థం ఆధారాలు పరిమితంగా ఉన్నాయని, గట్టి రుజువు లేదని. ఈ తరంగాలకు ఎక్స్-రేలలాగా అణువులను విడగొట్టే శక్తి లేదు. భారత ప్రభుత్వం 2012లో టవర్ల ఉద్గారాల పరిమితిని అంతర్జాతీయ ప్రమాణంలో పదో వంతుకు తగ్గించింది కూడా. ఇంకో చిన్న మెలిక ఉంది: టవర్ దూరమై సిగ్నల్ బలహీనపడేకొద్దీ, దాన్ని అందుకోవడానికి మన చేతిలోని ఫోనే ఎక్కువ శక్తితో తరంగాలు పంపుతుంది. టవర్‌ను తరిమేసినవాళ్లు తమ చెవి దగ్గర మోతాదును కాస్త పెంచుకున్నట్టే.

అయినా ఆ గ్రూపు వాళ్లను చూసి నవ్వడం నాకు సరికాదనిపిస్తుంది. టవర్‌ను వాళ్లు అడగలేదు. అద్దె వచ్చేది ఎవరికో, కింద పడుకునేది వాళ్ల పిల్లలు. అదే ఎయిర్‌పోర్టులో ముఖం చూపించి లోపలికి వెళ్లే డిజియాత్రను వీళ్లే హాయిగా వాడతారు. క్యూ తగ్గుతుంది, వద్దనుకుంటే పక్క లైన్ ఉంది. వీధి కెమెరాల సంగతీ అంతే. రాత్రి షిఫ్ట్ చేసి వచ్చే ఆడపిల్ల కెమెరాను చూసి నిఘా అనుకోదు, ధైర్యం అనుకుంటుంది.

చదువుకున్నవాళ్లే ఎందుకు పడుతున్నారు

ఇక అసలైన డబ్బు పోయే చోటికి వద్దాం. కేంద్ర హోం శాఖ పార్లమెంటుకు ఇచ్చిన వివరాల ప్రకారం సైబర్ మోసాల్లో దేశ ప్రజలు 2023లో పోగొట్టుకున్నది 7,465 కోట్ల రూపాయలు, 2024లో 22,845 కోట్లు. ఏడాదిలో మూడు రెట్లు. దేశంలో తొలి సైబర్ క్రైమ్ పోలీస్ స్టేషన్ 2001లో వచ్చిన బెంగళూరు, ఈ మోసాలకు పెద్ద వేట మైదానమైంది. 2025 నవంబర్‌లో బయటికొచ్చిన ఒక కేసులో ఈ నగరంలోని ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని "డిజిటల్ అరెస్ట్" పేరుతో, అంటే అధికారులమని వీడియో కాల్‌లో బెదిరించి కదలనివ్వకుండా, నెలల తరబడి భయపెట్టి, 187 విడతల్లో దాదాపు 32 కోట్లు గుంజారు.

వార్త చదివిన ప్రతివాడూ అనేది ఒకటే: అంత చదువుకుని ఆ మాత్రం తెలియదా? డిజిటల్ అరెస్ట్ అనేది మన చట్టంలో ఎక్కడా లేదని, ఆగి ఆలోచించి అప్పుడు స్పందించమని ప్రధాని 2024 అక్టోబర్‌లో రేడియో ప్రసంగంలో చెప్పారు. ఫోన్ రింగవక ముందే హెచ్చరిక వినిపించే ఏర్పాటు చేశారు. మరి ఎందుకు ఆగలేదు?

చదువు ఇక్కడ అడ్డుగోడ కావడం లేదు, కొన్నిసార్లు తలుపే అవుతోంది. రిజర్వ్ బ్యాంకు 2020 జనవరి నుంచి వీడియో కాల్‌లో కేవైసీ, అంటే ఖాతాదారు గుర్తింపు తనిఖీ, చేయడానికి అనుమతించింది. బ్యాంకు మనిషి వీడియోలో పాన్ కార్డు ఎత్తి చూపించమంటే మనం చూపించాం. కరోనా కాలంలో కోర్టులు వీడియోలో కేసులు విన్నాయి. ట్రాఫిక్ చలానా ఫోన్‌కే వస్తుంది, ఆదాయపు పన్ను నోటీసు ఈమెయిల్‌కే వస్తుంది, దానికి జవాబు ఆఫీసుకు వెళ్లకుండానే ఇస్తాం. ఇవన్నీ నిజమైన ప్రభుత్వ పనులు. ఇలాంటి ప్రపంచంలో ఏళ్లుగా బతుకుతున్న మనిషికి వీడియోలో యూనిఫాం, వెనక గోడకు గాంధీ బొమ్మ, వాట్సాప్‌లో సీలు వేసిన కాగితం కనిపిస్తే అది అసాధ్యంగా ఏమీ అనిపించదు. పల్లెలో పోలీసుని స్టేషన్‌లో మాత్రమే చూసిన పెద్దాయన "ఫోన్‌లో అరెస్టేంట్రా" అని పెట్టేసే వీలుంది. అన్నీ ఫోన్‌లోనే చేసుకునే ఉద్యోగికి ఆ అనుమానం ఆలస్యంగా వస్తుంది.

ఆ ఆలస్యాన్ని మోసగాళ్లు పొడిగిస్తారు. కెమెరా ఆపనివ్వరు, ఇంట్లో ఎవరికైనా చెబితే వాళ్లనూ కేసులో ఇరికిస్తామంటారు. ఖాతాలో డబ్బు "తనిఖీ" కోసం పంపమంటారు, తేలాక తిరిగిస్తామంటారు. అవతల తెలుగు వినిపిస్తే నమ్మకం ఇంకాస్త పెరుగుతుంది. కన్నడ సరిగా రాక, ఈ ఊళ్లో పోలీసు స్టేషన్ ముఖం చూడని మనిషికి తన భాషలో మాట్లాడే "అధికారి" దొరకడం ఎంత ఊరటో ఊహించండి. ఆ తెలుగు ఎక్కడినుంచి వస్తుందో కూడా తెలుసుకోవాలి. డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి మన కుర్రాళ్లను కంబోడియా తీసుకెళ్లి, సైబర్ మోసాలు చేయిస్తున్న ముఠా గుట్టును 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టారు. ఫోన్ చేసేవాడే ఒకరకంగా బందీ.

పడ్డాక చెప్పుకోరు. ఇంట్లో ఊరందరి ఫోన్లూ బాగుచేసిపెట్టే "మా సాఫ్ట్‌వేర్ అబ్బాయి" తానే మోసపోయానని ఏ ముఖంతో చెబుతాడు? పరువు కోసం దాచిన ఆ రెండు మూడు రోజుల్లోనే డబ్బు పది ఖాతాలు దాటిపోతుంది.

ఆ పది ఖాతాల్లో ఒకటి పీజీ కుర్రాడిది కావచ్చు. "నీ ఖాతా నెల రోజులు మాకివ్వు, కమీషన్ ఇస్తాం" అనే బేరం ఉద్యోగం లేని రోజుల్లో తీపిగానే ఉంటుంది. పోయేది తన డబ్బు కాదు గనక ముప్పు అనే అనిపించదు. తీరా పోలీసులు వచ్చేది ఖాతా ఎవరి పేరున ఉందో వాళ్ల దగ్గరికే.

"అమ్మా, ఓటీపీ వచ్చిందా చూడు"

బెంగళూరు తెలుగు కుటుంబాల్లో నాకు అన్నిటికన్నా పెద్ద ముప్పుగా కనిపించేది ఎవరూ ముప్పుగా లెక్కపెట్టనిది. ఊళ్లో ఉన్న తల్లిదండ్రుల కరెంటు బిల్లు, గ్యాస్ బుకింగ్, బ్యాంకు పని అంతా ఇక్కడినుంచి పిల్లలే చేస్తారు. ఓటీపీ అక్కడి ఫోన్‌కి వెళ్తుంది. ఇక్కడినుంచి కొడుకో కూతురో ఫోన్ చేసి, "అమ్మా, ఇప్పుడొక మెసేజ్ వస్తుంది, అందులో ఆరంకెలు చదువు" అంటారు. ఆవిడ కళ్లజోడు వెతుక్కుని చదువుతుంది. నెలకు నాలుగైదు సార్లు ఇదే తంతు. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదని బ్యాంకు ఎంత మొత్తుకున్నా, ఆప్యాయంగా అడిగితే చెప్పాలనే అలవాటు ఆవిడకు చేసింది మనమే. రేపు ఎవడో కొడుకు గొంతును అనుకరించి అడిగితే? గొంతును నకలు చేయడానికి ఇప్పుడు చిన్న ఆడియో ముక్క చాలు.

2023 నవంబర్‌లో రష్మిక మందన్న డీప్‌ఫేక్ వీడియో తిరిగినప్పుడు తెలుగు ఇళ్లలో కూడా వీడియో అబద్ధం చెప్పగలదన్న సంగతి చేరింది. దాని కేసులో ఢిల్లీ పోలీసులు అరెస్ట్ చేసినవాడు గుంటూరు జిల్లా వాడు. కానీ అది సినిమావాళ్ల గొడవ అనుకున్నాం. గొంతు సంగతి ఇంకా ఇంటి గుమ్మం దాటి లోపలికి రాలేదు.

దీనికి మార్గాలున్నాయి. 2024 ఆగస్టులో వచ్చిన యూపీఐ సర్కిల్‌లో ఒకరి ఖాతా నుంచి ఇంట్లో ఇంకొకరు చెల్లించే వీలుంది. ప్రతి చెల్లింపునూ ఖాతాదారు ఒప్పుకునేలా పెట్టుకోవచ్చు, లేదా నెలకు 15 వేల లోపు హద్దు పెట్టి వదిలేయొచ్చు. బిల్లులకు ఆటోపే ఉంది. ఇవేమీ చేయకపోయినా, డబ్బు మాట ఎత్తగానే అడగాల్సిన ఒక ఇంటి గుర్తు, అంటే పాత ఆవు పేరో, అమ్మమ్మ ముద్దుపేరో పెట్టుకుంటే ఖర్చు లేదు.

పోయిన డబ్బు ఎవరిది

ముందు చెప్పిన లెక్కకు ఇప్పుడు తిరిగి వద్దాం, ఎందుకంటే చట్టం కూడా అదే లెక్క వేస్తుంది. 2017 జులై 6న రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం, ఖాతాదారు ప్రమేయం, బ్యాంకు ప్రమేయం రెండూ లేకుండా ఎక్కడో జరిగిన లోపం వల్ల డబ్బు పోతే, సమాచారం అందిన మూడు పనిదినాల్లో బ్యాంకుకు చెబితే ఖాతాదారుకు నష్టం సున్నా. నాలుగు నుంచి ఏడు పనిదినాల్లో చెబితే కొంత పరిమితి వరకు భరించాలి, మామూలు సేవింగ్స్ ఖాతాకి అది 10 వేలు. చెప్పిన పది పనిదినాల్లో బ్యాంకు ఆ మొత్తాన్ని తాత్కాలికంగా జమ చేయాలి. తప్పు ఖాతాదారుదేనని నిరూపించే బాధ్యత బ్యాంకుది. వేలిముద్ర దొంగతనం లాంటివి ఈ కోవలోకి వస్తాయి. ఇది చదివి ఆశ్చర్యపోయేవాళ్లే ఎక్కువ, బ్యాంకు కౌంటర్‌లో ఎవరూ చెప్పరు మరి.

మెలిక ఎక్కడుందంటే, ఈ రక్షణ "అనుమతి లేని" లావాదేవీలకే. ఓటీపీ మనమే చెబితే అది మన నిర్లక్ష్యం, బ్యాంకుకు తెలియజేసేదాకా పోయిందంతా మనదే. డిజిటల్ అరెస్ట్‌లో బాధితుడే స్వయంగా పిన్ కొట్టి పంపుతాడు. కాగితం మీద అది అతని ఇష్టపూర్వక చెల్లింపు. మెడ మీద కత్తి పెట్టి సంతకం చేయించినా సంతకం సంతకమే అన్నట్టుంది వ్యవహారం. బ్రిటన్ ఈ ముడిని ఇంకోలా విప్పింది. అక్కడ 2024 అక్టోబర్ 7 నుంచి, మోసపోయి తానే పంపిన డబ్బును కూడా 85 వేల పౌండ్ల వరకు బ్యాంకులు తిరిగివ్వాలి. పంపిన బ్యాంకు సగం, అందుకున్న బ్యాంకు సగం. నష్టం తమ మీద పడేసరికి, దొంగ ఖాతాలు తెరవనిచ్చిన బ్యాంకుకు కూడా చురుకు పుట్టింది.

మన దగ్గర అంత దూరం పోలేదు గానీ, జాగ్రత్త పాఠాలు మాని పద్ధతినే మార్చిన సందర్భాలున్నాయి. అవే పని చేశాయి. పాత సోఫా అమ్మకానికి పెడితే "ఆర్మీ ఆఫీసర్‌ని" అంటూ ఒకడు ఫోన్ చేసి, డబ్బు పంపుతున్నానని చెప్పి, నిజానికి మన దగ్గరే డబ్బు అడిగే కలెక్ట్ రిక్వెస్ట్ పంపి పిన్ కొట్టించుకునేవాడు గుర్తున్నాడా? డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదని ఏళ్ల తరబడి ప్రచారం చేశారు. 2025 అక్టోబర్ 1 నుంచి వ్యక్తుల మధ్య ఆ రిక్వెస్ట్ సౌకర్యాన్నే తీసేశారు. ఆ దారి మూసుకుంది. బ్యాంకుల వెబ్‌సైట్లన్నీ డాట్ బ్యాంక్ డాట్ ఇన్‌కి మారాయి, బ్యాంకుల ఫోన్లకు 1600తో మొదలయ్యే నంబర్లు కేటాయించారు. 2025 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు డిజిటల్ అరెస్ట్ కేసుల దర్యాప్తును సీబీఐకి అప్పగించింది.

డేటా రక్షణ చట్టం సంగతి అడుగుతారేమో. 2023లో చేశారు, నియమాలు 2025 నవంబర్‌లో వచ్చాయి, కంపెనీల మీద ముఖ్యమైన బాధ్యతలు 18 నెలల గడువు తర్వాత, అంటే 2027లో అమల్లోకి వస్తాయి. జరిమానా 250 కోట్ల దాకా ఉంది. కానీ ఆ చట్టం డిజిటల్ రూపంలో ఉన్న, లేదా తర్వాత డిజిటల్ చేసిన సమాచారానికే వర్తిస్తుంది. పీజీ రిజిస్టర్‌లో పిన్ను కొట్టి పెట్టిన ఆధార్ జిరాక్స్, కాగితంగా ఉన్నంతకాలం, దాని కిందికి రాదు.

డబ్బు పోయిందని తెలిసిన క్షణంలో చేయాల్సింది సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్. ఎంత త్వరగా చేస్తే అవతలి ఖాతాలో డబ్బు నిలిపే అవకాశం అంత ఎక్కువ. ఇదే ఏర్పాటు వల్ల మోసపు డబ్బు తెలియకుండా అందుకున్న హోటల్, కిరాణా ఖాతాలు స్తంభించిపోయే ఇబ్బందీ ఉంది. అలా జరిగితే ఆ లావాదేవీకి సంబంధించిన బిల్లు, అమ్మిన సరుకు వివరం పట్టుకుని బ్యాంకు ద్వారా ఏ స్టేషన్ నుంచి ఆదేశం వచ్చిందో తెలుసుకుని అక్కడికి రాయాలి. బ్యాంకుకు ఫిర్యాదు నోటిమాటగా వదలకుండా రాసిచ్చి నంబర్ తీసుకోవాలి, మూడు పనిదినాల గడువు లెక్క అక్కడే తేలుతుంది. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు ఓంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు.